ఆటబల్లపై అడవులు, అగాధాలు

బల్ల చుట్టూ నలుగురైదుగురు మిత్రులు కూర్చొని ఉంటారు. బల్లమీద కొన్ని కాగితాలు, పెన్సిళ్ళు, రకరకాల ముఖాలున్న పాచికలు తప్ప వేరే సామగ్రి ఉండదు. వారిలో ఒకరు నెమ్మదిగా ఇలా చెబుతారు: "పొద్దు వాలుతోంది. మీరు నడుస్తున్న కాలిబాట ఒక లోయ అంచున ఆగిపోయింది. అవతలి గట్టు ముప్పై అడుగుల దూరంలో ఉంది. కింద నీటి హోరు వినబడుతోంది గాని, పొగమంచువల్ల నీరు కనబడటం లేదు. ఇప్పుడేం చేస్తారు?" ఆ ప్రశ్నతో మిగిలినవారంతా ఆలోచనలో పడతారు. ఒకరు తమవద్ద ఉన్న తాడు ఎంత పొడవుందో చూసుకొంటారు. మరొకరు చీకటి పడేలోగా వెనక్కి మళ్ళుదామంటారు. ఇంకొకరు ఒక రాయిని కిందికి విడిచి, అది నీటిలో పడిన చప్పుడు ఎంతసేపటికి వినబడుతుందో లెక్కపెడతానంటారు. ఆ గదిలో లోయ లేదు, నీరు లేదు, పొగమంచు లేదు. అయినా అందరి మనసులలోనూ ఆ లోయ ఉంది.

ఇటువంటి ఆటలను పాత్రపోషణ క్రీడలు అంటారు. ఆడేవారిలో ప్రతి ఒక్కరూ ఒక్కొక్క పాత్రను స్వీకరిస్తారు. ఒకరు వైద్యుడు కావచ్చు, ఒకరు యోధుడు కావచ్చు, మరొకరు కొండలెక్కడంలో నేర్పరి కావచ్చు. ఒక్కరు మాత్రం ఏ పాత్రనూ తమదిగా తీసుకోక, ఆ పాత్రలు సంచరించే లోకాన్నంతటినీ తమ భుజాలమీద మోస్తారు. వారే నిర్వాహకులు. పాత్రధారులు తాము చేయదలచిన పనిని చెబుతారు. దాని ఫలితం నిస్సందేహమైనదైతే నిర్వాహకులు వెంటనే ప్రకటిస్తారు. సందేహాస్పదమైతే పాచిక వేయిస్తారు. నేడు బహుళ ప్రచారంలో ఉన్న పద్ధతిలో ఇరవై ముఖాల పాచికను వేసి, వచ్చిన సంఖ్యకు ఆ పాత్ర సామర్థ్యాన్ని కలిపి, నిర్వాహకులు నిర్ణయించిన లక్ష్యసంఖ్యతో పోల్చి చూస్తారు. లక్ష్యాన్ని అందుకొంటే కార్యం సఫలం, లేకుంటే విఫలం.

ఈ క్రీడలలో రాక్షసులు, డ్రాగన్లు, ఖడ్గయుద్ధాలే ప్రధానమని వినేవారు భావించడం సహజం. కాని ఆట నడిచే తీరును గమనిస్తే, పాత్రలకు అందరికంటె ముందుగా ఎదురయ్యే ప్రత్యర్థి నేల అని తెలుస్తుంది. శత్రువుతో సంధి చేసుకోవచ్చు, బతిమాలవచ్చు, బెదిరించవచ్చు. ఊబిని బతిమాలడం సాధ్యం కాదు. ఎండకు కోపం లేదు, మంచుకు పగ లేదు. అందువల్లనే ప్రకృతివల్ల కలిగే ప్రమాదాన్ని న్యాయంగా నడిపించడం రాక్షసుణ్ణి నడిపించడంకంటె కష్టం. రాక్షసుడు గెలిస్తే పాత్రధారి రాక్షసుణ్ణి తిట్టుకొంటాడు. కొండచరియ విరిగిపడి పాత్ర మరణిస్తే నిర్వాహకుణ్ణే తిట్టుకొంటాడు.

తెలుగువారి ఇళ్ళలో వైకుంఠపాళి ఆడనివారు అరుదు. అందులోనూ ప్రమాదాలున్నాయి. ఏ గడిలో పాము నోరు తెరచుకొని ఉన్నదో ఆడేవారందరికీ ముందే తెలుసు. అయినా ఆ తెలివివల్ల ప్రయోజనం లేదు. గవ్వలు ఎంత చెబితే అంత నడవవలసిందే. పామును తప్పించుకొని పక్కగడిలోకి పోయే వీలు లేదు. పాత్రపోషణ క్రీడలో పరిస్థితి దీనికి భిన్నం. ఇక్కడ పాము ఉన్నదని తెలిసిన తరువాత దాన్ని చుట్టి పోవచ్చు, పొగపెట్టి తరమవచ్చు, లేదా తొందరపని ఉన్నది కనుక తెగించి దాటవచ్చు. తెలియడం, ఎంచుకోవడం అనే ఈ రెండు అంశాలు లేని చోట ఎంతటి భీకరమైన అగాధమైనా వైకుంఠపాళి పాముగానే మిగిలిపోతుంది.

నేలను ఆటలోకి తెచ్చిన ఘనత సైనికులకు చెందుతుంది. 19వ శతాబ్దం తొలినాళ్ళలో ప్రష్యా దేశంలో జార్జ్ లియోపోల్డ్ ఫాన్ రైస్‌విట్జ్ అనే అధికారి యుద్ధవిద్యను నేర్పే ఒక ఆటను రూపొందించాడు. అంతకు ముందు వచ్చిన యుద్ధక్రీడలు చదరంగపు గళ్ళమీద నడిచేవి. గడి గడికీ మధ్య కొండ గాని వాగు గాని ఉన్నట్లు తోచేది కాదు. రైస్‌విట్జ్ నదులు, బాటలు, ఊళ్ళు, గుట్టలు ఉబ్బెత్తుగా కనిపించే పలకలు చేయించి, వాటిని ఎన్ని విధాలుగానైనా పేర్చుకొనే వీలు కల్పించి, 1812లో మూడవ ఫ్రెడరిక్ విలియం రాజుకు సమర్పించాడు. ఆయన కుమారుడు ఫిరంగిదళంలో పనిచేసే అధికారి. అతడు 1824లో ఈ ఆటను మరింత మెరుగుపరచి ప్రకటించాడు. పలకల స్థానంలో 1:8000 ప్రమాణంలో గీసిన పటాలు వచ్చాయి. రెండు పక్షాలకూ నడుమ ఒక మధ్యవర్తి ఉండేవాడు. ఏ పక్షానికి ఏది కనబడుతుందో అదే ఆ పక్షానికి చెప్పడం, నేల స్వభావాన్ని బట్టి దళాలు ఎంత దూరం నడవగలవో చూడటం, పాచికవేసి నష్టాలను లెక్కగట్టడం అతని పనులు. అప్పటి సైన్యాధిపతులకు ఇది ఎంతగానో నచ్చి, పటాలాలన్నిటికీ సిఫారసు చేశారు.

అయితే ఆ ఆటలో లెక్కల పట్టికలు ఎక్కువై, ఆట నత్తనడకన సాగేది. 1876లో యూలియస్ ఫాన్ వెర్దీ దు వెర్నోయి అనే సేనాని ఆ పట్టికలను, పాచికలను పక్కకు నెట్టి, అనుభవజ్ఞుడైన మధ్యవర్తి తీర్పే చాలునన్నాడు. వాగు ఎంత లోతుందో, ఫిరంగి బండి దాన్ని దాటుతుందో లేదో పట్టికకంటె యుద్ధం చూసినవాడికే బాగా తెలుసునన్నది అతని వాదం. నియమం నమ్మదగినదా, మనిషి తీర్పు నమ్మదగినదా అనే ఈ వివాదం ఆనాటితో ముగియలేదు. నేటికీ పాత్రపోషణ క్రీడలు ఆడేవారి మధ్య ఇదే వివాదం వేరు వేరు రూపాలలో సాగుతూనే ఉంది.

ఈ విద్య సముద్రాలు దాటి అమెరికా చేరింది. 1880లో చార్లెస్ టాటెన్ రచించిన స్ట్రాటెగోస్ అనే యుద్ధక్రీడాగ్రంథం, సుమారు తొంభై ఏళ్ళ తరువాత మిన్నెసోటా రాష్ట్రంలో డేవిడ్ వెస్లీ అనే యువకుడి కంటబడింది. మధ్యవర్తికి సర్వాధికారం ఇచ్చే పద్ధతిని ఆయన అందులోనుంచి గ్రహించి, ఆటగాళ్ళలో ఒక్కొక్కరికీ ఒక్కొక్క వ్యక్తి పాత్రను అప్పగించి కొత్త తరహా ఆటను నడిపాడు. ఆయన మిత్రుడు డేవ్ ఆర్నెసన్ 1970 దశకం తొలినాళ్ళలో బ్లాక్‌మూర్ అనే కల్పిత రాజ్యాన్ని సృష్టించి, దాని కోట కింద చీకటి సొరంగాలను తవ్వాడు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవాకు చెందిన గ్యారీ గైగాక్స్‌తో ఆయన చేతులు కలపగా, 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పేరుతో మూడు చిన్న పుస్తకాల పెట్టె వెలువడింది. ప్రపంచంలో మొట్టమొదట అచ్చయి అమ్మకానికి వచ్చిన పాత్రపోషణ క్రీడ ఇదే.

ఆ మూడింటిలో చివరిది పాతాళంలోను, అరణ్యంలోను జరిగే సాహసాలకు సంబంధించినది. అరణ్యయాత్ర కోసం రచయితలు కొత్త పటమేదీ గీయలేదు. అవుట్‌డోర్ సర్వైవల్ అనే వేరొక ఆట పటాన్ని దగ్గర ఉంచుకొమ్మని సూచించారు. 1972లో మరొక సంస్థ ప్రచురించిన ఆ ఆటలో డ్రాగన్లూ లేవు, మంత్రాలూ లేవు. దారితప్పిన మనిషి ఆకలిదప్పులకు తాళి అడవినుంచి ప్రాణాలతో బయటపడటమే దాని ఇతివృత్తం. షడ్భుజాకారపు గళ్ళతో నిండిన ఆ పటంలో నీటికుంటలున్న చోట్ల కోటలున్నట్లు, ఇళ్ళున్న చోట్ల పట్టణాలున్నట్లు భావించుకొమ్మని గైగాక్స్, ఆర్నెసన్ చెప్పారు. దాహం తీర్చుకొనే కుంట ఒక్కమాటతో కోటగా మారిన ముచ్చట ఇది!

1981లో డేవిడ్ కుక్, స్టీవ్ మార్ష్ రూపొందించిన ఎక్స్‌పర్ట్ నియమావళిలో ఈ అరణ్యయాత్ర చక్కని రూపం దాల్చింది. బరువు లేకుండా నడిచే మనిషి చదునునేలమీద రోజుకు 24 మైళ్ళు పోగలడు. అడవి, కొండలు, ఎడారి అడ్డువస్తే అందులో మూడింట రెండు వంతులు, అంటే 16 మైళ్ళు; చిత్తడినేల, దట్టమైన కీకారణ్యం, పర్వతాలు అయితే సగమే, అంటే 12 మైళ్ళు. మంచి బాట దొరికితే 36 మైళ్ళు. దీనికి తోడు దారితప్పే ప్రమాదం ఒకటి. ప్రతిదినం ఉదయం నిర్వాహకుడు ఆరుముఖాల పాచికను ఎవరికీ కనబడకుండా వేస్తాడు. మైదానంలో ఒకటి పడితే దారితప్పినట్లు. అడవిలో, కొండలలో ఒకటి గాని రెండు గాని పడితే తప్పినట్లు. ఎడారిలో, చిత్తడినేలలో మూడులోపు ఏది పడినా తప్పినట్లే.

ఈ చిన్న పట్టిక వెనుక ఉన్న గణితం ఆలోచించదగినది. మైదానంలో ఒకరోజు దారితప్పకుండా నడిచే అవకాశం ఆరింట అయిదు. వరుసగా మూడు రోజులూ తప్పకుండా ఉండే అవకాశం 216లో 125, అనగా సుమారు నూటికి 58. చిత్తడినేలలో ఒకరోజు అవకాశం సగమే కనుక మూడు రోజులకు అది ఎనిమిదింట ఒక వంతుకు పడిపోతుంది. చూడటానికి ఒకటికీ మూడుకూ ఉన్న తేడా స్వల్పంగా తోస్తుంది. మూడు రోజుల ప్రయాణంలో అది కొండంత అవుతుంది. పైగా దారితప్పిన సంగతి ఆ రోజు పాత్రలకు తెలియదు. తాము సరిగ్గానే పోతున్నామనుకొంటూ తూర్పుకు బదులు దక్షిణానికి నడుస్తారు. రావలసిన నది ఎంతకూ రాకపోయినప్పుడు గాని అనుమానం పుట్టదు. అడవిలో దారితప్పినవారి భయాన్ని ఇంత తక్కువ మాటలలో కలిగించిన నియమం ఈ క్రీడలలో మరొకటి లేదనవచ్చు.

ఎత్తునుంచి పడటం మరొక ప్రమాదం. పది అడుగులకు ఒక ఆరుముఖాల పాచిక చొప్పున వేసి, వచ్చిన మొత్తాన్ని పాత్ర ప్రాణబలంలోనుంచి తీసివేయడం డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో చిరకాలంగా ఉన్న పద్ధతి. ఒక్క పాచికకు సగటు మూడున్నర. కాబట్టి 30 అడుగులు పడినవాడికి సగటున పదిన్నర నష్టం. 1980 దశకంలో ఈ నియమంపై క్రీడాపత్రికలో పెద్ద చర్చ నడిచింది. పడేకొద్దీ వేగం పెరుగుతుంది గనుక మొదటి పది అడుగులకు ఒకటి, రెండవ పదికి రెండు, మూడవ పదికి మూడు చొప్పున, 30 అడుగులకు ఆరు పాచికలు వేయాలని కొందరన్నారు. భౌతికశాస్త్రం చదివే విద్యార్థులు ఈ తగవును తేలికగా తీర్చగలరు. పడే వస్తువు నేలను తాకేటప్పుడు దానికుండే గతిశక్తి, గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, ఎత్తుకు అనులోమానుపాతంలో ఉంటుంది. ఎత్తు మూడింతలైతే శక్తి మూడింతలే గాని ఆరింతలు కాదు. పాతనియమమే శాస్త్రానికి దగ్గరగా ఉన్నదన్నమాట. పాచికల సంఖ్య ఇరవైకి మించరాదన్న తరువాతి కట్టడి మాత్రం సౌకర్యం కోసమే. 200 అడుగులు పడిన మనిషి వేగం గంటకు సుమారు 120 కిలోమీటర్లు. గాలి నిరోధంవల్ల వేగం పెరగడం ఆగిపోయే స్థితి రావాలంటే అతడు ఇంకా చాలా దూరం పడాలి.

వేడిమికి సంబంధించిన నియమం తెలుగు విద్యార్థులకు కొంత వినోదం కలిగిస్తుంది. 2014లో వెలువడిన అయిదవ కూర్పు ప్రకారం 100 డిగ్రీల ఫారన్‌హీట్, అనగా సుమారు 38 డిగ్రీల సెల్సియస్, దాటిన వేడిమిలో తాగునీరు లేకుండా తిరిగే పాత్ర గంటకొకసారి తన దేహదారుఢ్యాన్ని పాచికతో పరీక్షించుకోవాలి. మొదటి గంటకు లక్ష్యసంఖ్య 5. ఆపై గంటకొకటి చొప్పున పెరుగుతుంది. రెంటచింతలలోనో, రామగుండంలోనో వేసవి గడిపినవారికి 38 డిగ్రీలు ఒక లెక్కలోనిది కాదు. చలిదేశంవారు వ్రాసుకొన్న నియమమిది. అయితే వేడిదేశాలకు సహజంగా అలవాటుపడిన జీవులకు ఈ పరీక్ష అక్కరలేదని ఆ నియమమే చెబుతున్నది కాబట్టి దాన్ని తప్పుపట్టనక్కరలేదు.

ఈ పరీక్ష తీవ్రతను లెక్కించి చూడవచ్చు. ప్రత్యేకమైన దారుఢ్యం లేని సామాన్యుడు మొదటి గంట గట్టెక్కే అవకాశం నూటికి 80. రెండవ గంట 75, మూడవ గంట 70, నాలుగవ గంట 65. విడివిడిగా చూస్తే ఇవన్నీ ధైర్యం కలిగించే అంకెలే. కాని నాలుగు గంటలూ వరుసగా గట్టెక్కే అవకాశం నూటికి 27 మాత్రమే. బరువైన కవచం ధరించినవాడు రెండు పాచికలు వేసి వాటిలో తక్కువదాన్నే తీసుకోవాలి గనుక అతని అవకాశం నూటికి ఏడెనిమిదికి మించదు. పరీక్షలో ఓడిన ప్రతిసారీ అలసట ఒక మెట్టు పెరుగుతుంది. 2014 నాటి కూర్పులో మొదటి మెట్టున నైపుణ్యం తగ్గేది, రెండవ మెట్టున నడక సగమయ్యేది, అయిదవ మెట్టున అడుగు కదిలేది కాదు. 2024 నాటి సవరణలో ప్రతి మెట్టుకూ పాచికమీద రెండేసి, నడకలో అయిదేసి అడుగులు తగ్గేటట్లు మార్చారు. రెండింటిలోనూ ఆరవ మెట్టు మరణమే. ఒక్క దెబ్బకు చంపకుండా మెల్లమెల్లగా హెచ్చరిస్తూ పోవడం ఈ పద్ధతిలోని సుగుణం. రెండవ మెట్టునే వెనక్కి తిరుగుదామా, నీడలో ఆగుదామా, కవచాన్ని ఇసుకలో పాతిపెట్టి పోదామా అని ఆలోచించే వ్యవధి ఉంటుంది. వెలలేని కవచాన్ని వదులుకోవడానికి యోధుడికి మనసొప్పదు. దానితోనే పోదామంటే మిత్రులు ఒప్పుకోరు. బల్ల దగ్గర వాగ్వాదం మొదలయ్యేది అక్కడే.

ప్రకృతి ప్రమాదాలన్నిటికీ నియమాలు వ్రాయబూనడం మరొక చిక్కును తెచ్చిపెట్టింది. 1986లో భూగర్భసంచారానికి ఒకటి, అరణ్యసంచారానికి ఒకటి చొప్పున రెండు పెద్ద గ్రంథాలు వెలువడ్డాయి. డగ్లస్ నైల్స్ మొదటిదాన్ని, కిమ్ మోహన్ రెండవదాన్ని రచించారు. వీటిలో విషయసంపద అపారం. కాని ఆట సాగుతుండగా పుటలు తిప్పి పట్టికలు వెదికే ఓపిక ఎందరికి ఉంటుంది? వాన మొదలయిందని చెప్పి, దాని ఫలితాన్ని వెదకడానికి పావుగంట తీసుకొంటే, బల్ల చుట్టూ ఉన్నవారి మనసులలో ఆ వాన ఎప్పుడో వెలిసిపోతుంది. వెర్దీ దు వెర్నోయి విసుగుకు కారణం ఇదే. అలాగని నిర్వాహకుడి ఇష్టానికే అంతా వదిలివేస్తే నిన్న దాటిన వాగు నేడు దాటరానిదవుతుంది. ఆడేవారికి ఏ అంచనా నిలవదు. కొద్దిపాటి నియమాలను గట్టిగా పట్టుకొని, మిగిలినది అప్పటికప్పుడు తేల్చి, ఒకసారి తేల్చినదాన్ని మళ్ళీ మార్చకుండా ఉండటమే అనుభవజ్ఞులైన నిర్వాహకులు అనుసరించే మార్గం.

న్యాయం అనే మాట వచ్చినప్పుడు టూంబ్ ఆఫ్ హారర్స్ అనే కథాభూమికను తలచుకోక తప్పదు. గైగాక్స్ దీనిని 1975లో ఒక పోటీ కోసం సిద్ధం చేశాడు. 1978లో అది అచ్చయింది. అందులో ఒక నడవ చివర గోడమీద ఆకుపచ్చని రాక్షసముఖం ఒకటి నోరు తెరచుకొని ఉంటుంది. ఆ నోటిలో గాఢమైన చీకటి. అది దారి అనుకొని లోపలికి దూరినవాడు మళ్ళీ రాడు. అతని శరీరం గాని, ఆయుధం గాని మిగలదు. రక్షణ కోసం పాచిక వేసే అవకాశం కూడా ఉండదు. ఏళ్ళ తరబడి పెంచుకొన్న పాత్ర క్షణంలో అదృశ్యమైతే ఆ పాత్రధారి పడే బాధ వట్టి ఆటలోని ఓటమికి సంబంధించినది కాదు. ఆ పాత్రకు పేరుంది, ఊరుంది, అది చేసిన వాగ్దానాలున్నాయి. అందుకే ఈ రాక్షసముఖం న్యాయమైనదా కాదా అని దశాబ్దాలుగా వాదించుకొంటున్నారు. ఆ నోటిలోకి ముందుగా ఒక కర్రను దూర్చి చూసినవాడికి కర్ర కొస మాయమైన సంగతి తెలుస్తుంది. పరీక్షించే బుద్ధి ఉన్నవాడికి ప్రమాదం కనబడుతుంది కాబట్టి ఇది న్యాయమేనని ఒక పక్షం. ఒక్క తప్పుకు అంతటి శిక్ష తగదని మరొక పక్షం. పోటీలో అందరూ ఆ సాహసానికని ఇచ్చిన పాత్రలనే ధరిస్తారు గనుక అక్కడ అది చెల్లుతుంది. ఏళ్ళ తరబడి సాగే ఆటలో చెల్లదు. అక్కడ ఆ నోటిముందు నేలమీద ఒక తెగిన చెప్పో, సగం మాయమైన ఈటెకర్రో పడి ఉండాలి.

ఒక ఉదాహరణతో ఈ సంగతి స్పష్టపడుతుంది. ఒక బృందం మందులపెట్టెతో ఒక గ్రామానికి పోతున్నదనుకొందాం. గ్రామంలో జ్వరాలు ప్రబలాయి. రేపు సాయంకాలంలోగా మందు అందకపోతే రోగులు దక్కరు. దారిలో నది అడ్డు వచ్చింది. నదిమీద తాళ్ళవంతెన ఉంది. అనుభవం లేని నిర్వాహకుడు "మీరు వంతెన ఎక్కారు. సగం దూరం వెళ్ళాక తాళ్ళు తెగిపోయాయి. అందరూ పాచిక వేయండి" అంటాడు. ఇందులో పాత్రధారులు చేయడానికి ఏమీ లేదు. గవ్వలు వేసి పాము నోట పడటానికీ దీనికీ భేదం లేదు.

అనుభవజ్ఞుడు వేరుగా చెబుతాడు. "నది నిండుగా పారుతోంది. నీరు ఎర్రగా ఉంది. వేళ్ళతో సహా పెళ్ళగిలిన చెట్లు కొట్టుకువస్తున్నాయి. వంతెన మధ్యభాగం నీటికి జానెడెత్తులో ఊగుతోంది. ఎడమవైపు తాడు ఒకచోట పీచులు లేచి ఉంది." ఇక అతడు ఆగుతాడు. ఎవరైనా దగ్గరకు వెళ్ళి చూస్తామంటే, తాడు మూడు పేటలలో ఒకటి తెగిందని చెబుతాడు. ఎగువన రేవు ఉందా అని అడిగితే, పూటప్రయాణం దూరంలో నది వెడల్పై లోతు తగ్గుతుందని ఆ ప్రాంతం తెలిసిన పాత్రకు చెబుతాడు. అడిగినవాడికి సమాధానం దొరకాలి. లోయలోకి రాయి విడిచినవాడికి రెండు సెకన్ల తరువాత చప్పుడు వినబడిందని చెబితే, లోతు సుమారు 20 మీటర్లని అతడే లెక్కగట్టుకొంటాడు.

ఇప్పుడు బృందం ముందు మూడు దారులున్నాయి. వంతెనమీద ఒక్కొక్కరుగా దాటడం త్వరితం, కాని ప్రమాదకరం. రేవుకు పోవడం క్షేమం, కాని పూట కాలం నష్టం. చెట్లు నరికి తెప్ప కట్టడం ఈ రెండింటికీ మధ్యది. కొట్టుకువచ్చే దుంగల సంగతి మాత్రం చూసుకోవాలి. ప్రతి దారికీ ఒక వెల ఉంది, ఆ వెల అందరికీ తెలుసు. వైద్యుడి పాత్ర ధరించినవారు రోగుల సంగతి ఎత్తుతారు. యోధుడి పాత్ర ధరించినవారు తమ ఒంటిమీద ముప్పై కిలోల ఉక్కు ఉన్నదని గుర్తుచేస్తారు. నియమావళి ఏం చెప్పినా చెప్పకపోయినా, ముప్పై కిలోల ఉక్కుతో వరదలో పడితే ఏమవుతుందో బల్ల దగ్గర ఉన్న అందరికీ తెలిసినదే. నిర్వాహకుడు ఆ సంగతిని ముందే బయటపెట్టాలి. పడిన తరువాత చెబితే మోసం.

చివరకు వారు వంతెననే ఎంచుకొన్నారనుకొందాం. తేలికైన మనిషి నడుముకు తాడు కట్టుకొని ముందు దాటాడు. యోధుడు కవచం విప్పి మూటగట్టాడు. మూడవవాడుగా వైద్యుడు పెట్టెతో వంతెన ఎక్కాడు. పాచికకు పదమూడు కావాలి, తొమ్మిది పడింది. ఇక్కడ వైద్యుడు మునిగి మరణించాడని చెప్పడం సులభం, కాని కథ అక్కడితో ఆగిపోతుంది. "ఎడమతాడు తెగింది. నువ్వు కుడితాడును ఒక చేత్తో పట్టుకొని వేలాడుతున్నావు. రెండవచేతిలో పెట్టె ఉంది. నీళ్ళు నడుముదాకా లాగుతున్నాయి. పెట్టెను వదిలితే పైకి రాగలవు. వదలకపోతే మళ్ళీ పాచిక వేయాలి." ఓటమి ఆటను ఆపలేదు, మొదటిదానికంటె కఠినమైన మరొక ప్రశ్నను ముందుంచింది. ఆ క్షణంలో బల్ల చుట్టూ నెలకొనే నిశ్శబ్దాన్ని చూసినవారు ఇది వట్టి కాలక్షేపమని అనరు.

పోరాటసమయంలో నేలకు ఉండే ప్రాధాన్యం వేరు. అప్పుడు బల్లమీద గళ్ళపటం పరచి, అంగుళానికి అయిదడుగుల లెక్కన బొమ్మలు నిలుపుతారు. ముళ్ళపొదలు, రాళ్ళగుట్టలు, మోకాలిలోతు బురద వంటి దుర్గమప్రదేశాలలో ఒక్కొక్క అడుగుకు రెండడుగుల శ్రమ. ముప్పై అడుగులు పోగలిగినవాడు పదిహేనే పోతాడు. అరుగు చాటున నిలబడినవాణ్ణి బాణంతో కొట్టడం కష్టం. 2008 నాటి నాలుగవ కూర్పులో శత్రువును నెట్టడానికి, లాగడానికి వీలైన విద్యలు విస్తారంగా చేర్చడంతో, అంతవరకు తప్పించుకోవలసిన అగాధం శత్రువును తోసివేయడానికి పనికివచ్చే సాధనమయింది. ఒట్టి చదునైన గదిలో జరిగే యుద్ధం కంటె, మధ్యలో ఒక బావి ఉన్న గదిలో జరిగే యుద్ధమే ఆసక్తికరమని ఒకసారి ఆడినవారికి వేరే చెప్పనక్కరలేదు.

యుద్ధాన్ని దాదాపు పక్కకు తొలగించి, ప్రయాణాన్నే ప్రధానంగా తీసుకొన్న క్రీడలూ ఉన్నాయి. 2007లో జపాన్‌లో అత్సుహిరో ఒకాడా రచించిన ర్యూటామా అటువంటిది. ఇందులో పాత్రలు వీరులు కారు. వర్తకులు, రైతులు, గాయకులు, వైద్యులు వంటి సామాన్యులు. ప్రతిరోజు ఉదయం తమ ఒంట్లో ఎలా ఉన్నదో పాచికవేసి తెలుసుకొంటారు. ఆనాటి నేలకొక సంఖ్య, వాతావరణానికొక సంఖ్య కలిపి ప్రయాణపు లక్ష్యం నిర్ణయిస్తారు. పచ్చికమైదానంలో ఎండపొద్దున నడక సుఖం. వానలో కొండదారి పడితే చెప్పులు, గొడుగు, వానకోటు ప్రాణాధారాలవుతాయి. సాయంకాలం బస చేయడానికి మళ్ళీ పాచిక. బృందంలో ఒకరు నాయకత్వం వహిస్తే, ఒకరు పటం గీస్తారు, ఒకరు తిండిసామగ్రి లెక్క చూస్తారు. మిగిలినవారిలో ఒకరికి దినచర్య వ్రాసే బాధ్యత అప్పగిస్తారు. ఏ నదిని ఎలా దాటారో, ఏ కొండమీద వాన పట్టుకొన్నదో, ఎవరి చెప్పులు బురదలో పోయాయో అన్నీ ఆ పుస్తకంలో ఉంటాయి. ఆట ముగిసి పాచికలు సంచిలోకి చేరిన తరువాత కూడా మిత్రులు దాన్ని తెరచి చదువుకొంటారు.